ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు, కంట్రోలు బియ్యం

ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపే ఒక వితంతువుకు బియ్యపు ధర పెరగడమంటే ఏమిటో ఎవరూ బోధించనక్కరలేదు. కోర్టు పనిమీద వచ్చిన కక్షిదారు పూటకు ఇచ్చే డబ్బులు మారవు. అంగట్లో బియ్యం ధర మాత్రం మారుతుంది. ఆ రెంటికీ మధ్య మిగిలిన కానులతోనే ఆమె బిడ్డల చదువులు సాగవలెను. 1946లో చెన్న రాజధానికి ప్రధానమంత్రియై, సుమారు 5 కోట్ల జనానికి తిండిగింజలు సమకూర్చే భారం నెత్తిన వేసుకొన్న టంగుటూరి ప్రకాశం పంతులుగారు అటువంటి ఇంట పెరిగిన బిడ్డ. ఆ కాలంలో రాష్ట్ర మంత్రివర్గపు పెద్దను ప్రధానమంత్రి అనే పిలిచేవారు. ఆయన పాలించిన పదకొండు నెలలలో ధాన్యపు వర్తకులకు ఆయనపై చాలా కోపం వచ్చినది. ఆ కోపం ఎంతవరకు న్యాయమో, ఆయన చేసినది ఎంతవరకు సబబో, కాలం గడిచిన తరువాత నిదానంగా చూసుకోవలసిన సంగతి.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపాన వినోదరాయునిపాలెంలో జన్మించినారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. చిన్ననాడే తండ్రి పోయినారు. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టినది. మిడిల్ స్కూలు పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు, ఇంట పైకం లేక, ఆమె తన పట్టుచీర కుదువబెట్టి తెచ్చిన సంగతి తెలుగునాట అందరూ చెప్పుకొంటారు. కుదువ వ్యాపారం చేసే ఇళ్ళలో ఇది చాలా చిన్న పద్దు. ఆ చీర ఏ కొట్టులో ఎన్నాళ్ళు ఉండినదో గాని, ఆ మూడు రూపాయల వడ్డీ మాత్రం దేశానికి ముట్టినది.

ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఈ కుర్రవానిని చేరదీసి రాజమహేంద్రవరం తీసుకొనిపోయి చదివించినారు. నాటకాలలో వేషాలు, వయసుకు తగిన అల్లరి కూడా ఉండినవి. తరువాత ప్లీడరు, ఆపైన రాజమహేంద్రవరం మునిసిపల్ చైర్మను. 1904లో సీమకు వెళ్ళి బారిస్టరై, 1907లో తిరిగివచ్చి చెన్నపట్నం హైకోర్టులో ప్రాక్టీసు పెట్టినారు. విశేషంగా ఆర్జించినారు. 1921లో గాంధీ మహాత్ముని పిలుపు విని ఆ ప్రాక్టీసును ఒక్కసారిగా వదలివేసి, స్వరాజ్య పత్రిక స్థాపించి, ఆర్జించినదంతా దానిలో పోసినారు. 1928 ఫిబ్రవరి 3న సైమను కమిషను వచ్చిననాడు చెన్నపట్నం వీధిలో తుపాకుల ఎదుట రొమ్ము చూపి నిలిచిన కథ బడిపిల్లలకు కూడా తెలుసును. ఆంధ్రకేసరి అనే పేరు ఆ ధైర్యానికి తగినది.

ధైర్యం సరే. లెక్క మాటేమిటి? వర్తకుని కంటితో చూస్తే పంతులుగారిలో లోపం అక్కడనే ఉన్నది. చిట్టా, ఆవర్జా ఆయనకు పడవు. వచ్చినది వచ్చినట్లే పోయేది. పత్రికకు పెట్టిన డబ్బు తిరిగి రాలేదు, పత్రిక కూడా 1930ల మధ్యకు నిలువలేకపోయినది. అభిమానులు సమర్పించిన పర్సుల సొమ్మును ఆయన స్వంత అవసరాలకు వాడుకొన్నారని గాంధీమహాత్ముడే అభ్యంతరం చెప్పినారు. ప్రజలు తనకని ఇచ్చినది తనదేనని, తాను ప్రజలకు ఇచ్చినదానికి మాత్రం లెక్క ఎవరడిగినారని పంతులుగారి భావం. ఇది కొట్టులో చెల్లే వాదం కాదు. అయినా ఆయన ఇల్లు కట్టుకోలేదు, నిలువ చేసుకోలేదు. అపరిగ్రహం వ్రతంగా పట్టినవారు కొందరుంటారు, స్వభావం చేతనే చేతిలో ఏదీ నిలువనివారు కొందరుంటారు. పంతులుగారు రెండవ తెగవారు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులై, భూమికి యజమాని సేద్యం చేసే రైతేనని నివేదిక వ్రాసినారు. 1939లో యుద్ధం వచ్చినది. ఈ దేశాన్ని అడగకుండానే బ్రిటిషు ప్రభుత్వం యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా అక్టోబరులో మంత్రులు రాజీనామా చేసినారు. అది మొదలు 1946 ఏప్రిలు వరకు చెన్న రాజధానిని గవర్నరు, ఆయన సలహాదారులే పాలించినారు. ధాన్యం మీద కంట్రోలు పుట్టినది ఆ కాలంలోనే.

ఆ కంట్రోలు ఎందుకు వచ్చినదో తెలియాలంటే రంగం బియ్యం సంగతి తెలియవలెను. యుద్ధానికి పూర్వం బర్మా నుంచి ఏటా సగటున 15 లక్షల టన్నులకు తగ్గకుండా బియ్యం ఈ దేశానికి దిగుమతి అయ్యేది. రంగూను రేవులో ఆ బస్తాలు మోసినవారిలో ఎక్కువమంది మన తెలుగు కూలీలే. చెన్న రాజధానిలో పంట చాలని జిల్లాలు, ముఖ్యంగా మలబారు, ఆ బియ్యాన్ని నమ్ముకొని ఉండినవి. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైనది. ఓడలు ఆగినవి. బస్తాలు మోసిన కూలీలు అడవుల వెంట నడిచి, దారిలో సగం ప్రాణాలతో స్వదేశం చేరినారు. వారు మోసిన బియ్యం మాత్రం రాలేదు. ఏప్రిలు 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడినవి. చెన్నపట్నం ఖాళీ అయినది. అటువంటప్పుడు ధాన్యం ఉన్న ప్రతివాడూ మరి నాలుగు నెలలకు సరిపడా దాచుకొంటాడు. రైతు పాతరలో, గృహస్థు గాదెలో, వర్తకుడు గిడ్డంగిలో. ఇందులో ఎవరిది జాగ్రత్త, ఎవరిది దురాశ అని గీత గీయడం కష్టం. అందరూ కలిసి దాచినప్పుడు రోజుకూలీ చేసి ఏ పూటకాపూట పడి బియ్యం కొనుక్కొనేవాడు పస్తు ఉంటాడు.

అప్పటి మన ఉత్తర ఆర్కాటు జిల్లాలో కృష్ణా గోదావరి డెల్టాలవలె కాలువ నీరు ఉండేది కాదు. చెరువులు, కపిల బావులే ఉండేవి. వానలు తప్పితే చెరువులు ఎండుతాయి. మెట్టలో వేరుశనగ పండుతుంది, అది అమ్మి బియ్యం కొనవలెను. గుడియాత్తం మగ్గాలవారు లుంగీ నేసి బియ్యం కొనవలెను. యుద్ధకాలంలో వారికి నూలు కూడా కంట్రోలే. నూలు చిక్కక కూలి తగ్గినది, బియ్యం చిక్కక ఖర్చు పెరిగినది. కరువు అంటే ధాన్యం లేకపోవడమని అందరూ అనుకొంటారు. కొనేవాని చేతిలో డబ్బు లేకపోవడం కూడా కరువేనని గుడియాత్తం సాలెవాడలో ఎవరినడిగినా చెప్పి ఉందురు.

పొన్నై ఒడ్డున ఉన్న మేల్పాడికి సైన్యాల తిండి సంగతి కొత్తది కాదు. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు దక్షిణ దేశం జయించి మేల్పాటిలో దండు విడిసి ఉండగా, 959లో సోమదేవసూరిగారు తమ యశస్తిలక చంపువును ముగించినారు, ఆ సంగతి ఆ గ్రంథంలోనే చెప్పుకొన్నారు. ఆ మేల్పాటి ఈ మేల్పాడియేనని పండితులు నిశ్చయించినారు. దగ్గరనే వళ్ళిమల గుహలలో జినబింబాలు, గంగరాజు రాచమల్లుని శాసనం ఉన్నవి. అంత పెద్ద దండుకు బియ్యం ఏ ఊళ్ళనుంచి ఎలా చేరినదో చెప్పే శాసనం మాత్రం లేదు. రాజులు గెలిచిన సంగతి రాతిమీద ఉంటుంది గాని, గింజలు తోలినవాని పేరు ఎక్కడా ఉండదు.

1942లో ఆహారధాన్యాల కంట్రోలు ఉత్తర్వు వచ్చినది. టోకు వర్తకులకు లైసెన్సు తప్పనిసరి అయినది. నిల్వ ఎంత, కొన్నది ఎంత, అమ్మినది ఎంత అని రిటర్నులు వ్రాయవలెను. మిగులు జిల్లాల నుంచి ప్రభుత్వ కొనుగోలు అధికారి అనుమతి లేనిదే బస్తా కదలరాదు. అనుమతి చిక్కినా రైలు పెట్టె చిక్కేది కాదు, పెట్టెలు ముందు సైన్యానికి. బెజవాడ నుంచి కాట్పాడి చేరవలసిన బియ్యం వారాల తరబడి యార్డులో పడి ఉంటే తడిసి ముక్కిపోయేది. చెన్నపట్నంలో 1943లో రేషను కార్డులు వచ్చినవి. మొదట్లో ప్రభుత్వం వర్తకులను తీసివేయలేదు. లైసెన్సుదారులనే ఏజెంట్లుగా పెట్టుకొని, ధరకు కట్టడి చేసి, వారి చేతనే కొనిపించి, వారి చేతనే పంపించినది. కమీషను తక్కువయినా వ్యాపారం నిలిచినది. చాలామంది గౌరవంగానే నడిపినారు. కొందరు లైసెన్సును అడ్డం పెట్టుకొని నల్లబజారు నడిపినారు. ఆ కొందరు ఎవరో ప్రతి ఊళ్ళోనూ అందరికీ తెలుసు, అధికారులకు కూడా తెలుసు.

అదే సంవత్సరం బెంగాలులో జరిగినది వేరు. అక్కడ 1943 మార్చిలో ధరల కంట్రోలు తీసివేసినారు. తూర్పు రాష్ట్రాల మధ్య ధాన్యపు వ్యాపారానికి కొన్నాళ్ళు అడ్డులేని స్వేచ్ఛ ఇచ్చినారు. వర్తకం స్వేచ్ఛగా ఉంటే సరుకు తనంతట తానే ఆకలి ఉన్న చోటికి పోతుందని మనం నమ్ముతాం, మామూలు రోజులలో అది నిజమే. భయం పట్టిన రోజులలో సరుకు డబ్బు ఉన్నచోటికి పోతుంది. ధరలు పొరుగు రాష్ట్రాలలో కూడా మండినవి గాని ఆకలి తీరలేదు. బయటినుంచి గోధుమలు పంపుమని ఎంత మొరపెట్టినా లండనులోని యుద్ధ మంత్రివర్గం కావలసినన్ని ఓడలు ఇవ్వలేదు. తరువాత సర్ జాన్ వుడ్‌హెడ్ అధ్యక్షతన విచారణ సంఘం వేసినారు. మన తెలుగువారైన సర్ సొంఠి వెంకట రామమూర్తిగారు అందులో ఒక సభ్యులు. చనిపోయినవారు 15 లక్షలని ఆ సంఘం లెక్కకట్టినది, ఇటీవలి చరిత్రకారులు దాదాపు అంతకు రెట్టింపు అంటున్నారు. ఆ సంఘమే మరొక లెక్క కూడా వేసినది. ఆ కరువులో బియ్యం మీద మామూలుకు మించి వచ్చిన లాభం 150 కోట్ల రూపాయలు. అంటే చచ్చిన ఒక్కొక్కనికి వెయ్యి రూపాయల లాభం.

ఈ లెక్కను ఏ వర్తకుని ఇంటనైనా పిల్లలకు చెప్పవలెను. ఆ లాభం తీసుకొన్నది వర్తకులు మాత్రమే కాదు, పెద్ద రైతులు, మిల్లు యజమానులు, కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. అయినా దేశంలో చెడ్డపేరు ధాన్యపు కొట్టుకే వచ్చినది. 13వ శతాబ్దంలో కచ్చి దేశపు భద్రేశ్వర నగరంలో జగడూషా అనే శ్రావకుడు మూడేళ్ళ కరువులో తన గాదెలు తెరచి గుజరాతు రాజుకే ధాన్యం ఇచ్చినాడనీ, ఆ ధాన్యం బీదలదని ముందే రాగిరేకు మీద వ్రాసి పెట్టినాడనీ మన ఇళ్ళలో చెప్పుకొంటాం. ఒక జగడూషా కథ ఏడు వందల ఏళ్ళు నిలిచినది. బెంగాలు లెక్క కూడా అంతకాలం నిలుస్తుంది.

చెన్న రాజధానిలో అంత ఘోరం రాలేదు. మలబారులో ఆకలి, కలరా కలిసి 1943లో చాలామందిని తీసుకొనిపోయినవి గాని, పట్నాలకు, కరువు జిల్లాలకు గింజలు ఏదో విధంగా అందినవి. ఇదంతా జరిగే నాటికి ప్రకాశం పంతులుగారు జైలులో ఉన్నారు. 1942 ఆగస్టులో అరెస్టయిన ఆయన 1945లో గాని విడుదల కాలేదు. కంట్రోలు ఎలా పుట్టినదో, ఎలా నడిచినదో ఆయన చూడలేదు. బయటికి వచ్చేసరికి నల్లబజారు కనిపించినది, లంచం కనిపించినది, క్యూలో నిలబడ్డ స్త్రీలు కనిపించినారు. ఆయన అభిప్రాయాలు ఇంత కటువుగా ఉండడానికి ఇది ఒక కారణమని అనుకోవలసి ఉన్నది.

యుద్ధం 1945 ఆగస్టులో ముగిసినది. అందరూ కంట్రోలు పోతుందనుకొన్నారు. ఆ ఏడాది ఈశాన్య ఋతుపవనం దగా చేసినది. చెన్న రాజధానిలో, మైసూరులో, బొంబాయి కన్నడ జిల్లాలలో పైరు ఎండినది. మన వైపు చెరువులు నిండలేదు. 1946 ఆరంభంలో పెద్దవారికి రోజుకు 16 ఔన్సులుగా ఉన్న ధాన్యపు రేషనును 12 ఔన్సులకు తగ్గించినారు. మన తూకంలో సుమారు 29 తులాలు, వీశెలో నాలుగోపాలు కంటె కొంచెం తక్కువ. కాయకష్టం చేసేవానికి అది ఒక పూటకు సరిపోదు. అందులోనూ కొంత గోధుమ. గోధుమను ఏం చేసుకోవలెనో తెలియక మన పల్లెలవారు దాన్ని కూడా అన్నంవలె వండి, తినలేక, పశువులకు పెట్టిన ఇళ్ళున్నవి. సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారుగారి నాయకత్వాన ఒక బృందం వాషింగ్టను, లండను వెళ్ళి గింజలు అర్థించినది. అమెరికా మాజీ అధ్యక్షుడు హూవరు ఏప్రిలులో ఈ దేశం వచ్చి పరిస్థితి చూసి వెళ్ళినాడు. ప్రపంచమంతటా కరువే, ఎవరికి ఎంత పంపవలెనో వాషింగ్టనులో ఒక బోర్డు పంచి పెట్టేది.

ఆ స్థితిలో 1946 ఏప్రిలు 30న పంతులుగారు అధికారానికి వచ్చినారు. వయసు డెబ్బైనాలుగో ఏడు నడుస్తున్నది. కాంగ్రెసు అధిష్ఠానానికి ఆయన ఇష్టం లేదు, శాసనసభ్యులు పట్టుబట్టి ఎన్నుకొన్నారు. కొత్త గవర్నరు సర్ ఆర్చిబాల్డు నై కొద్దిరోజులకే వచ్చినాడు. ఖజానాకు కొదువ లేదు గాని గిడ్డంగులలో గింజలు కొద్ది. చెన్న రాజధాని జనసంఖ్య 1941 లెక్కల ప్రకారం 4 కోట్ల 93 లక్షలు. రేషను ఒక్క రోజు తప్పితే పట్నాలలో ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రభుత్వం అప్పటికే ముమ్మర సేకరణ అనే పద్ధతి పట్టినది. గ్రామ కరణం, మునసబు ప్రతి రైతు సాగు లెక్క వ్రాసి, ఇంటి తిండికి, విత్తనానికి, పాలేళ్ళ జీతపు గింజలకు వదలి, మిగిలినది కట్టడి ధరకు ప్రభుత్వానికి అమ్మవలెనని నిర్ణయించేవారు. కరణం కలం ఎటు వాలితే అటు. పెద్ద రైతు గింజలు రాత్రివేళ దాటిపోయేవి, చిన్న రైతు గాదె ఊడ్చినట్లయ్యేది. పంతులుగారు ఈ లోపాన్ని సరిగానే పట్టినారు. గింజలు లేకపోవడం ఒక్కటే కాదు జబ్బు, పండించేవానికీ తినేవానికీ మధ్య నమ్మకం చెడిపోయినదని ఆయన నిర్ణయం. ఇంతవరకు వర్తకుడు కూడా ఆయనతో ఏకీభవిస్తాడు.

మందు దగ్గర తేడా వచ్చినది. మధ్యవర్తిని తీసివేస్తే నమ్మకం తిరిగి వస్తుందని ఆయన తలచినారు. పండించేవారు, తినేవారు ఒకే సంఘంలో సభ్యులుగా చేరవలెను. ధాన్యం కొనుగోలు, నిల్వ, పంపిణీ క్రమంగా ఆ సహకార సంఘాల చేతికి పోవలెను. ఉత్పత్తిదారుల, వినియోగదారుల సహకార సంఘాలని వాటి పేరు. రాజధానిలో తాలూకాల వారీగా అవి లేచినవి. వాటితోపాటు ఫిర్కా అభివృద్ధి పథకం. గ్రామం తన తిండి, తన బట్ట తానే చూసుకోవలెనని గాంధీమహాత్ముడు చెప్పినదాన్ని ప్రభుత్వపు ఉత్తర్వుగా మార్చవలెనని ఆయన పట్టుదల. ఆ పట్టుదలతోనే కొత్త నూలు మిల్లులు వద్దన్నారు, ఖద్దరు చాలునన్నారు. మిల్లులవారు, బట్టల వర్తకులు కూడా దీనితో ఎదురుతిరిగినారు. ఒకేసారి బియ్యం వర్తకునితో, బట్ట వర్తకునితో వైరం తెచ్చుకోవడం రాజకీయంగా తెలివైన పని కాదు. పంతులుగారు తెలివి చూసుకొని పని చేసే మనిషి కారు.

సంఘం అనే ఆలోచనలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, ధాన్యం అంటే కాగితం కాదు. కొత్త వడ్లు కొన్నప్పుడు గింజ కొరికి చూసి తేమ ఎంతో చెప్పేవాడు కావలెను. తేమ తెలియక గిడ్డంగిలో నింపితే బస్తా లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. ముక్క పురుగు పట్టకుండా ఎప్పుడు ఎండబెట్టవలెనో, ఎప్పుడు తిరగ పేర్చవలెనో తెలియవలెను. ఏ మిల్లు ఎంత నూక తీస్తుందో, తరుగు ఎంతవరకు న్యాయమో, ఎంతకు మించితే దొంగతనమో కాటా దగ్గర నిలబడ్డవానికి తెలియవలెను. ఇవి తండ్రి కొట్టులో కూర్చుని పదేళ్ళు చూస్తే వచ్చే సంగతులు. సంఘం అధ్యక్షుడు ఎన్నికలో గెలిచి వచ్చినవాడు, గుమాస్తా జీతానికి వచ్చినవాడు. నష్టం వస్తే అది వారి ఇంటి నష్టం కాదు. కొన్ని ఊళ్ళలో సంఘాలు బాగానే నడిచినవి, మంచి పెద్దలు దొరికిన చోట. కొన్ని ఊళ్ళలో పాత పెత్తందారే సంఘం బోర్డు తగిలించుకొని కూర్చున్నాడు. మధ్యవర్తి పోలేదు, పేరు మారినది.

అనుభవం గల వర్తకులను సంఘాల కింద జీతానికో కమీషనుకో పెట్టుకొని ఉంటే బాగుండేది. యుద్ధకాలపు దొరలు చేసిన ఆ పని పంతులుగారు చేయలేకపోయినారు. వర్తకులలో మంచివారిని, చెడ్డవారిని వేరు చేసి చూసే ఓపిక ఆయనకు లేదు. అయితే వర్తకులు కూడా ఆ వేరుపాటు ఆయనకు చూపించలేదు. నల్లబజారు నడిపినవానిని వర్తక సంఘం నుంచి తీసివేసిన ఊళ్ళు ఎన్ని? పండుగనాడు అతని చందా పుచ్చుకొని పక్కన కూర్చోబెట్టుకొన్న ఊళ్ళే ఎక్కువ. మనలో మనం శిక్షించనివానిని పట్టుకొని ప్రభుత్వం మనందరినీ శిక్షించినది.

ఏది ఎట్లున్నా, 1946లో చెన్న రాజధానిలో బెంగాలు కథ జరగలేదు. గింజలు అందినవి. ఇందులో ఆయన ఒక్కరిదే ఘనత అనడం సరికాదు. మిగులు జిల్లాల రైతులు ఇచ్చినారు, ఓడలలో కొంత వచ్చినది, రెవిన్యూ ఉద్యోగులు పల్లెలు తిరిగినారు, సెప్టెంబరులో ఢిల్లీ తాత్కాలిక ప్రభుత్వంలో ఆహారశాఖ తీసుకొన్న రాజేంద్రప్రసాదుగారు పంపకం చూసినారు. కాని ఆ వయసులో జిల్లాలు తిరిగి, రైతుల ఎదుట నిలబడి, పొరుగు జిల్లా పస్తుంటే నీ గాదెలో గింజ నీది కాదని ముఖంమీద చెప్పగల మనిషి ఉండటం చిన్న సంగతి కాదు. అధికారులకు భయపడి గింజలు దాచిన రైతు, జైళ్ళు చూసి వచ్చిన ఈ ముసలాయనకు సిగ్గుపడి బయటికి తీసినాడు.

1947 మార్చిలో స్వంత పార్టీవారే ఆయనపై అవిశ్వాసం తెచ్చినారు. 23న ఆయన దిగిపోయినారు. ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ఆ స్థానానికి వచ్చినారు. మిల్లులవారు, ధాన్యం వర్తకులు వెనుక ఉండి దించినారని పంతులుగారి అనుచరులు అన్నారు. పార్టీలోని తగాదాలు చాలునని మరికొందరు అన్నారు. రెండూ కొంత కొంత నిజం కావచ్చును. కొత్త మంత్రివర్గం ఆ సహకార సంఘాలకు పూర్వపు ఊతం ఇవ్వలేదు. కంట్రోళ్ళు సడలినప్పుడు పని లేక చాలా సంఘాలు మూతపడినవి. వాటాలు కట్టిన చిన్నరైతులు నష్టపోయినారు.

కంట్రోలు కథ అంతటితో ముగియలేదు. గాంధీమహాత్ముని పట్టుదలతో 1947 డిసెంబరు నుంచి ధాన్యంపై కట్టుబాట్లు సడలించినారు. ధరలు ఎగసినవి. 1948లో మళ్ళీ కంట్రోలు తెచ్చినారు. 1952 జూనులో రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండి చెన్న రాష్ట్రంలో బియ్యం రేషనును ఎత్తివేసినారు. అందరూ భయపడినంత జరగలేదు, దాచిన గింజలు అంగడికి వచ్చినవి. కొట్లముందు బియ్యపు గుట్టలు మళ్ళీ కనిపించినవి. ఆ రోజు కాట్పాడి, వేలూరు మండీలలో పెట్టిన దీపాలు రాజాజీకి. ఆ దీపాలు పెట్టినవారిలో ఎందరో ఆరేళ్ళకు ముందు పంతులుగారిని తిట్టినవారే. కాని 1946లో వానలు తప్పి, ఓడలు లేక, రేషను 12 ఔన్సులకు దిగినప్పుడు కంట్రోలు ఎత్తివేసి ఉంటే, ఇదే రాజధానిలో ఏమి జరిగి ఉండేదో ఎవరైనా నిలిచి ఆలోచించవలెను. 1952లో పనికి వచ్చిన మందు 1946లో విషం అయి ఉండేది. ఈ తేడా చెప్పడానికి పంతులుగారికి నేర్పు లేదు, వినడానికి వర్తకులకు మనసు లేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పంతులుగారే మొదటి ముఖ్యమంత్రి. పదమూడు నెలలకే మద్యనిషేధం తగాదాలో మంత్రివర్గం పడిపోయినది. ఈ కొద్దికాలంలోనే ఆయన మనసు పెట్టిన పని కృష్ణానది మీది కట్ట. బెజవాడ వద్ద వంద ఏళ్ళనాటి పాత ఆనకట్ట 1952లో తెగినది. డెల్టా ఎండితే మళ్ళీ బియ్యానికి పరుగులే. కొత్త బ్యారేజి పని 1954లో మొదలైనది.

1957 మే నెలలో ఒంగోలు ప్రాంతాన ఎండలో తిరుగుతూ వడదెబ్బ తగిలి, హైదరాబాదు చేర్చగా, మే 20న పంతులుగారు కాలధర్మం చెందినారు. ఎనభై అయిదో ఏడు. ఆయన పేర ఇల్లు లేదు, భూమి లేదు, బ్యాంకులో చెప్పుకోదగిన పైకం లేదు. బ్యారేజి ఆ సంవత్సరం చివరనే పూర్తయి, ఆయన పేరు పెట్టుకొన్నది. పుట్టిన సీమకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు వచ్చినది. బ్యారేజి నీటితో పండిన కృష్ణా డెల్టా బియ్యం, ఇప్పుడు పర్మిట్టు లేకుండా, కాట్పాడి మీదుగా దక్షిణానికి దిగుతున్నది.